సూదిమొన మీద కాసిన బీరకాయ

కృష్ణానగర్‌లో ఉత్తుత్తి వస్తువులు అద్దెకు దొరుకుతాయి. అరటిగెల కావాలా? ప్లాస్టిక్‌ది ఉంది. జమీందారు గారి భోజనాల బల్ల మీదికి పళ్ళెం నిండా ఆపిల్ పండ్లు, ద్రాక్షగుత్తులా? అవీ ఉన్నాయి. థర్మకోల్ స్తంభాలు, ఫైబర్ విగ్రహాలు, మోగని ఫోన్లు, పేలని తుపాకులు... అన్నిటికీ కలిపి సినిమావాళ్ళు పెట్టుకున్న పేరు 'ప్రాపర్టీ'. యూసఫ్‌గూడకూ జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకూ నడుమ ఉన్న ఈ ఇరుకు సందుల్లో ఇదో పెద్ద వ్యాపారం.

నాకు కావాల్సి వచ్చినవీ ఉత్తుత్తి కూరగాయలే. కాకపోతే కెమెరా కోసం కాదు, నాలుగేళ్ళ మా అమ్మాయి కోసం. రెంటికీ ఎంత తేడా ఉందో కుట్టడం మొదలుపెట్టాకే తెలిసింది. కెమెరా దూరం నుంచి చూసి ఊరుకుంటుంది. పిల్ల ఊరుకోదు. నలుపుతుంది, కొరుకుతుంది, గోడకేసి కొడుతుంది, రాత్రి పక్కలో పెట్టుకుని పడుకుంటుంది. పొద్దున్నే మళ్ళీ అదే వంకాయను గిన్నెలో వేసి కూర వండుతుంది. ఇన్ని పరీక్షలకు తట్టుకోవాలి మరి!

పిజ్జా ఉంది... బీరకాయ ఏదీ?

అసలు సంగతి పుట్టినరోజు కానుకతో మొదలైంది. బంధువులొకరు మా అమ్మాయికి వంటింటి బొమ్మల పెట్టె తెచ్చారు. గులాబీరంగు పొయ్యి, బుల్లి పెనం, ప్లాస్టిక్ కత్తి. ఆ కత్తితో కోస్తే టక్కున రెండు ముక్కలయ్యే కాయలు. మధ్యలో వెల్క్రో అతికించి ఉంటుంది కాబట్టి మళ్ళీ కలిపేయొచ్చు. పిల్లలకు భలే సరదా. అయితే అందులో ఉన్నవేంటి? పిజ్జా ముక్క, బర్గరు, బ్రాకలీ, స్ట్రాబెర్రీ. మా ఇంట్లో బ్రాకలీ వండిన రోజు లేదు. మా వీధిలోకి వచ్చే తోపుడు బండి మీద స్ట్రాబెర్రీ నేనెప్పుడూ చూడలేదు.

మా అమ్మాయి పెట్టె అంతా వెతికి, 'బీరకాయ ఏదమ్మా?' అంది.

లేదు. బీరకాయ లేదు, దొండకాయ లేదు, దోసకాయ లేదు, బెండకాయ లేదు. పచ్చిమిరపకాయ కూడా లేని వంటిల్లది! పోపులోకి కరివేపాకు రెబ్బ లేదు. పిల్ల రోజూ చూసే వంటకూ, ఆడుకునే వంటకూ సంబంధమే లేదు. తన వంటింట్లో తనే పరాయిదైనట్టు అనిపించింది నాకు. బజారులో వెతికాను. టమాటా, క్యారెట్, వంకాయ ఉన్న సెట్లు దొరికాయి. బీరకాయ మాత్రం ఎక్కడా లేదు. దొరక్కపోతే ఏం చేస్తాం? కుట్టుకుంటాం.

బువ్వలాటకు పెరడు లేదు

ఉత్తుత్తి వంట తెలుగు పిల్లలకు కొత్తేం కాదు. బువ్వలాట అన్నా, గుజ్జనగూళ్ళు అన్నా అదే. దానికోసం ప్రత్యేకంగా పాత్రలే తయారుచేసిన ఊరుంది మనకు. వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కపిడతలు ఎవరికి తెలియవు? అంకుడు కర్రను చక్రం మీద తిప్పుతూ లక్క అద్ది నునుపు తేల్చిన బుల్లి కుండలు, మూతలు, తిరగళ్ళు. రసాయన రంగులు వచ్చిపడ్డాక, మళ్ళీ చెట్ల బెరళ్ళు, గింజలు, ఆకుల నుంచి రంగులు తీసే పద్ధతిని అక్కడ నిలబెట్టిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. తెలంగాణలో నిర్మల్ ఉంది. తేలికైన పొణికి కర్రతో అక్కడి కళాకారులు అచ్చం నిజమైనవే అనిపించేలా పండ్లు, కూరగాయలు చేస్తారు.

మరి మా అమ్మమ్మలు లక్కపిడతల్లో ఏం వండేవాళ్ళు? ఇసుకే బియ్యం. ఇటుకపొడి కారం. పెరట్లో గడ్డి తోటకూర. రాలిన వేపకాయలు దొండకాయలు. గిన్నెలుంటే చాలు, సరుకంతా నేల ఇచ్చేది. మేముండేది రెండో అంతస్తులో రెండు గదుల పోర్షన్. కిందికి దిగితే బైకులు, జనరేటర్ వ్యాన్లు, పొద్దున్నే షూటింగు బళ్ళ కోసం ఎదురుచూసే జూనియర్ ఆర్టిస్టులు. గడ్డి పరక దొరకాలన్నా వెతుక్కోవాలి. అందుకే గిన్నెలు కొనుక్కొచ్చినా కూరగాయలు విడిగా సంపాదించాల్సి వచ్చింది.

కర్రవి తేవచ్చుగా అంటారేమో. అందంలో వాటికి సాటి లేదు, నిజమే. కానీ పక్కింట్లో రెండేళ్ళ బుడ్డోడున్నాడు. మా అమ్మాయికి కోపమొస్తే చేతిలో ఉన్నది వాడి నెత్తిన పడుతుంది. మెత్తటిదైతే అందరికీ మంచిది!

పోగుల్లేని గుడ్డ

మెత్తటి కూరగాయలకు అందరూ వాడే గుడ్డ ఫెల్ట్. మామూలు బట్టలో పడుగు, పేక ఉంటాయి. ఇందులో ఉండవు. ఇది నేసిన గుడ్డ కాదు, అణిచిన గుడ్డ. గొర్రె ఉన్ని వెంట్రుక మీద కంటికి కనిపించని పొలుసులుంటాయి. వేడినీళ్ళు, సబ్బు పోసి మర్దిస్తే ఆ పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని అట్టలా బిగుసుకుపోతాయి. కాశ్మీరులో చేసే నమ్దా తివాచీలు ఈ పద్ధతిలోవే. మనకు బజారులో దొరికే రంగురంగుల ఫెల్ట్ షీట్లు ఎక్కువగా పాలిస్టర్‌వి. వాటిని గంట్లున్న సూదులతో వేలసార్లు పొడిచి, పోగుల్ని చిక్కుబడేలా చేసి తయారుచేస్తారు.

ఇందులో మనకు కలిసొచ్చేది ఒకటుంది. ఎక్కడ కత్తిరించినా అంచు నుంచి పోగులు ఊడిరావు. మడత పెట్టి కుట్టే పని లేదు. కుట్టు రానివాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? బేగంబజారులో తిరిగి ఆకుపచ్చలో మూడు రకాలు, వంకాయ రంగు, ఎరుపు, పసుపు, తెలుపు షీట్లు తెచ్చాను. మందం ఒక మిల్లీమీటరు చాలు. అంతకన్నా మందమైతే మూల తిరగదు.

గుడ్డ వచ్చింది. మరి కుట్టడం?

కింది పోర్షన్‌లో ఉండే పెద్దాయన సినిమా కాస్ట్యూమ్స్ కుడతారు. వీధిలో అందరికీ ఆయన 'మాస్టారు'. నా షీట్లు చూసి నవ్వారు. 'మిషను మీద కుదరదమ్మా. చేత్తోనే కుట్టాలి. కూర్చోండి' అన్నారు.

ఆయన మొదట చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. 'సినిమా బట్టకు ముందువైపు బాగుంటే చాలు. కోటు వదులైతే వెనకాల నాలుగు గుండుసూదులు గుచ్చి కెమెరా ముందు నిలబెడతాం. ఇది అట్లా కాదు. పిల్ల తిప్పి తిప్పి చూస్తుంది. ముడి కూడా పైకి కనపడకూడదు.'

అలా మొదలైంది పాఠం. రెండు ముక్కల అంచుల్ని కలిపి కాజా కుట్టు వేయాలి. చొక్కాకు బొత్తాం కన్నం చుట్టూ వేస్తారే, అదే, కాస్త ఎడంగా. కుట్టుకూ కుట్టుకూ మధ్య మూడు మిల్లీమీటర్లు. దారం రెండు పేటలు. ముడి ఎప్పుడూ లోపలివైపు. అయ్యాక రెండు చేతులతో గట్టిగా లాగి చూడాలి. దారం నడుమ వెలుతురు కనిపిస్తే విప్పి మళ్ళీ కుట్టాల్సిందే.

కాయకో లెక్క

కూరగాయను వండేవాళ్ళు ఒకలా చూస్తారు, కుట్టేవాళ్ళు ఇంకోలా చూస్తారు. మాస్టారు నా చేత నిజమైన కూరగాయలు తెప్పించి బల్ల మీద పెట్టించారు. 'ముందు పలకలు లెక్కపెట్టండి' అన్నారు.

బెండకాయకు మామూలుగా ఐదు పలకలు. అంటే ఐదు సన్నటి పొడుగు ముక్కలు కత్తిరించి పక్కపక్కనే కుడితే సరి. బీరకాయకు నిలువునా పది అంచులు! ఇన్నేళ్ళుగా చెక్కు తీస్తున్నా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. దానికి పది ముక్కలు అక్కర్లేదు. వెడల్పాటి ముక్క తీసుకుని పది చోట్ల వేళ్ళతో నొక్కి మడత పెట్టి, ఆ మడత మొదట్లో సూటిగా కుట్టు వేసుకుంటూ పోవాలి. అంచులు లేచి నిలబడతాయి. తర్వాత గొట్టంలా చుట్టి దూది నింపాలి.

వంకాయకు తామరరేకు ఆకారంలో నాలుగు ముక్కలు. నాలుగూ కలిపి కుట్టి నింపితే గుండ్రంగా ఉబ్బుతుంది. ముచ్చిక వేరే ముక్క, కొసలు నక్షత్రంలా కోసి పైన టోపీ పెట్టినట్టు కుట్టాలి. టమాటా అయితే గుండ్రటి ముక్క చుట్టూ కచ్చా కుట్టు వేసి, దూది పెట్టి, సంచి మూతి బిగించినట్టు దారం లాగాలి. ఆపైన పొడుగు సూదిని పైనుంచి కిందికి దింపి దారాన్ని బయటినుంచి తిప్పుకొస్తే నొక్కులు పడతాయి. దొండకాయకు తెల్లదారంతో చారలు. బంగాళాదుంపకు కళ్ళకోసం అక్కడక్కడా ముడులు. అన్నిట్లోకీ తేలిక పచ్చిమిరపకాయ. అన్నిట్లోకీ కష్టం కరివేపాకు. రెబ్బకు పదిహేను ఆకులు కత్తిరించేసరికి వేళ్ళు వాచాయి.

లోపల నింపడానికి మామూలు దూది వద్దన్నారు మాస్టారు. ఉతికితే ఉండలు కడుతుంది, ఆరడం ఆలస్యమవుతుంది. దిండ్లలో వాడే పాలిస్టర్ దూది మేలు. బరువు కోసం బియ్యమో, ఆవాలో పోస్తే తడికి పురుగు పడుతుంది. కళ్ళు, ముక్కు పెట్టి నవ్వే టమాటాలు చేద్దామని పూసలు, బొత్తాలు తెచ్చి ఉంచాను. పక్కింటి బుడ్డోణ్ణి చూశాక వాటిని డబ్బాలోనే ఉంచేశాను. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మలకు భద్రతా ప్రమాణాల్లో ఒక కొలగొట్టం ఉంటుంది. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. బొమ్మగానీ, ఊడివచ్చిన ముక్కగానీ అందులో పూర్తిగా ఇమిడిపోతే అది పసివాళ్ళ గొంతుకు అడ్డం పడే వస్తువు కిందే లెక్క. బొత్తాం ఇమిడిపోతుంది. కరివేపాకు ఆకూ ఇమిడిపోతుంది. అందుకే ఆకులన్నిటినీ ఒకే ఈనెకు రెండేసి సార్లు బిగించాం. బుడ్డోడు వచ్చినప్పుడు ఆ రెబ్బను అటక మీద పెట్టేస్తాం.

గంటకు పాతిక రూపాయలు!

2025 ఆగస్టులో వేతనాలు 30 శాతం పెంచాలంటూ సినీ కార్మికుల ఫెడరేషన్ సమ్మెకు దిగింది. రెండు వారాలకు పైగా షూటింగులు ఆగాయి. షూటింగు ఆగితే కృష్ణానగర్ ఎలా ఉంటుందో 2020 లాక్‌డౌన్‌లో చూశాం. టీకొట్టు దగ్గర గుంపు పెరుగుతుంది, మాటలు తగ్గుతాయి. సమ్మె రోజుల్లో మాస్టారి మిషను చప్పుడు కూడా ఆగిపోయింది. అప్పటికి మా బుట్టలో ఎనిమిది రకాల కాయలున్నాయి. ఒకరోజు ఆయన బీరకాయను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూస్తూ, 'ఇవి అమ్ముడుపోతాయంటారా అమ్మా?' అన్నారు.

మామూలుగా అడిగినట్టే అడిగారు. కానీ నెలాఖరు దగ్గరపడుతోందని, అద్దె కట్టాలని ఇద్దరికీ తెలుసు.

ఆఫీసులో ఫొటోలు చూపించాను. అందరూ 'అబ్బ, ఎంత ముద్దొస్తున్నాయో' అన్నారు. ఒకావిడ, 'ఎనిమిదీ కలిపి మూడొందలకు ఇస్తారా?' అంది. ఆమె తప్పేం లేదు. బజారులో ప్లాస్టిక్ సెట్టు ఆ ధరకు వస్తుంది. సాయంత్రం మాస్టారూ, నేనూ కూర్చుని లెక్క వేశాం. వంకాయకు నాకు రెండున్నర గంటలు పడితే ఆయనకు గంటన్నర. ఎనిమిది కాయలకు పన్నెండు గంటలు. మూడొందల్ని పన్నెండుతో భాగించండి. గంటకు పాతిక రూపాయలు. అందులోనే గుడ్డ, దూది, దారం!

'పాతిక రూపాయలకు గంటా? కాజాలు కుట్టే కుర్రాడు కూడా రాడమ్మా' అని నవ్వేశారాయన. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముప్పై ఏళ్ళుగా రాజులకీ, పోలీసులకీ, పెళ్ళికొడుకులకీ బట్టలు కుట్టిన చేతులవి.

ఇంకో చిక్కు కూడా ఉంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో పద్నాలుగేళ్ళలోపు పిల్లల బొమ్మలు అమ్మాలంటే ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కేంద్ర హస్తకళల విభాగంలో నమోదైన కళాకారులు సొంతంగా చేసి అమ్మే బొమ్మలకూ, భౌగోళిక గుర్తింపు ఉన్న బొమ్మలకూ మినహాయింపు ఇచ్చారు. మాస్టారు కాస్ట్యూమ్ టైలరు. ఆ జాబితాలో ఆయన పేరు ఎందుకుంటుంది? పసివాళ్ళ నోట్లోకి వెళ్ళే వస్తువుకు నిబంధన ఉండటం మంచిదే, కాదనను. అయితే వారంలో నాలుగు సెట్లు కుట్టి అమ్ముకుందాం అంటే కుదరదని తేలిపోయింది.

దారి మాస్టారి భార్యకు తట్టింది. 'కాయలెందుకు అమ్మడం? కుట్టడం నేర్పండి' అన్నారామె. మర్నాడే ఆఫీసులో చెప్పాను. ఆదివారం డాబా మీద నలుగురు అమ్మలు, ఓ నాన్న చాపలు పరుచుకుని కూర్చున్నారు. గుడ్డ ఎవరిది వాళ్ళే తెచ్చుకున్నారు. మూడు గంటల పాఠానికి తలా ఇంత అని ముందే చెప్పాం. మూడొందలకు సెట్టు అడిగినావిడ కూడా వచ్చింది. రెండు గంటలు కుట్టి, సగం వంకాయ చేతిలో పట్టుకుని, 'మాస్టారూ, నేనడిగిన ధర గురించి మర్చిపోండి' అంది. అందరూ నవ్వారు. ఆ రోజు వచ్చిన డబ్బు ఏ లెక్కన చూసినా గంటకు పాతిక కన్నా చాలా ఎక్కువ. రెండు ఆదివారాలు పాఠం నడిచింది. తర్వాత సమ్మె విరమించారు. మాస్టారు మళ్ళీ పొద్దున్నే టిఫిన్ క్యారియర్ పట్టుకుని షూటింగు బండెక్కేశారు. ఆయనకు అన్నం పెట్టే పని అది. ఇది మధ్యలో వచ్చిన చేదోడు.

నాకు మిగిలిన లెక్క ఒక్కటే. చేత్తో కుట్టిన బొమ్మలో గుడ్డ ఖరీదు తక్కువ, గంటల ఖరీదు ఎక్కువ. ఆ గంటలు మనం పెట్టగలిగితే ఇంట్లో కుట్టుకోవాలి. పెట్టలేకపోతే, పెట్టినవాళ్ళు అడిగినంత ఇవ్వాలి. సంతలో వంకాయల దగ్గర ఆడినట్టు వీటి దగ్గర బేరమాడకూడదు.

తిన్నదా మరి?

ఇంతకీ మా అమ్మాయి బీరకాయ తింటోందా? ఆ ప్రశ్న అందరూ అడుగుతారు. తినడం లేదు! గుడ్డ బీరకాయంటే ప్రాణం, కంచంలో బీరకాయంటే ఆమడ దూరం. ఆ మాటకొస్తే ఇప్పుడు వంట కూడా మానేసింది. కూరగాయలన్నీ స్టూలు మీద పేర్చి దాన్ని తోసుకుంటూ గదంతా తిరుగుతుంది. 'బెండకాయ్... దొండకాయ్... బీరకాయ్...' అంటూ మా వీధి బండతని గొంతును అచ్చు దింపేసింది. నేను కొసరు అడిగితే కరివేపాకు రెబ్బ ఇస్తుంది. ధర తగ్గించమంటే మాత్రం ససేమిరా! బ్రాకలీ పెట్టె మంచం కిందికి చేరి చాలా రోజులైంది.

ఒక మార్పు కనిపిస్తోంది. బజారుకు వెళ్తే ప్రతి కాయనూ పేరు పెట్టి పిలుస్తోంది. మొన్న బండి మీద బెండకాయ చేతిలోకి తీసుకుని పలకలు లెక్కపెట్టింది. 'ఐదే ఉన్నాయమ్మా' అంది తృప్తిగా.

మీకూ కుట్టాలనిపిస్తే మిరపకాయతో మొదలుపెట్టండి. ఆకుపచ్చ ఫెల్ట్ మీద గిన్నె మూత పెట్టి గుండ్రంగా గీయండి. కత్తిరించి నాలుగు సమభాగాలు చేయండి. ఒక భాగాన్ని పొట్లంలా చుట్టి అంచు కుట్టండి. పెన్సిలు వెనకభాగంతో దూదిని కొస దాకా నెట్టండి. పైన చిన్న గుండ్రటి మూత, దానికో తొడిమ. అరగంట పని. కాయ కాస్త వంకర తిరిగినా దిగులు పడొద్దు. నిటారుగా ఉన్న పచ్చిమిరపకాయను మీరెప్పుడు చూశారు?